తుమ్ము ఎరుగని నగరం

శీతలావతి కోటద్వారం కనుచూపు మేరలోకి రాగానే కేయూరుడి ముక్కు మళ్ళీ దురద పెట్టింది.

"వద్దు," అంది పక్కన నడుస్తున్న లవలిక.

"నేనేం చేశానూ?"

"చేయబోతున్నారు. మీ ముక్కు కుందేలు ముక్కులా ఆడుతోంది."

కేయూరుడు రెండు వేళ్ళతో ముక్కు నొక్కి పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుమ్ము కాసేపు తటపటాయించి వెనక్కి మళ్ళింది.

రత్నకూట రాజ్యపు యువరాజు ఆ పూట చూడముచ్చటగా ఉన్నాడు. తలకు మాసిన పాగా, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన గాజుల మలారం. అడుగేసినప్పుడల్లా ఎర్రగాజులూ పచ్చగాజులూ గలగలమంటున్నాయి. లవలిక రాజవైద్యుడి కూతురు. వాళ్ళ పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. ఇంత దూరం మట్టిదారుల్లో నడిచినా ఆమె పాదాల అంచున పారాణి ఇంకా సన్నగా మిగిలే ఉంది.

పెళ్ళిపందిట్లో తలంబ్రాలు పోసుకుంటుండగా కురిసిన వానకు కేయూరుడికి జలుబు పట్టింది. అతడి నుంచి లవలికకు అంటుకుంది. ఆమె కొన్నాళ్ళు ముక్కు చీది, మిరియాల పాలు తాగి, లేచి కూర్చుంది. అతణ్ణి మాత్రం అది వదల్లేదు.

"ఒకే చెంబుతో నీళ్ళు తాగుతున్నాం, ఒకే దుప్పటి కప్పుకుంటున్నాం. నీకు మళ్ళీ ఎందుకు రాదు?" అని దారిలో ఉక్రోషంగా అడిగాడు.

"రాదు. నా ఒళ్ళు దాని మొహం గుర్తు పెట్టుకుంది. మళ్ళీ గడపలో కాలు పెట్టిందా, చూసీ చూడగానే తరిమేస్తుంది. ఒంటికి ఉన్నంత జ్ఞాపకం మనసుకు కూడా ఉండదని నాన్నగారు అంటారు."

వాళ్ళు ఇంత దూరం రావడానికి కారణం ఒక శుభవార్త. శీతలావతి నుంచి తెల్లపట్టు కట్టుకున్న దూతలు రత్నకూటానికి వచ్చి, తమ నగరంలో జ్వరమన్న మాటే లేదనీ, తమ రాజగురువు తుహినాక్షుడు రత్నకూట ప్రజల జ్వరాలు కూడా తీసేస్తాడనీ చెప్పారు. మహారాజు మురిసిపోయి రాబోయే పౌర్ణమికి ముహూర్తం పెట్టించాడు. ముసలి రాజవైద్యుడు మాత్రం తల అడ్డంగా ఊపి, "ముందు ఎవరైనా ఆ ఊరు చూసి రండి," అన్నాడు. కేయూరుడు బయలుదేరాడు. "రోగాల సంగతి చూడటానికి వెళ్తూ వైద్యుడి కూతుర్ని ఇంట్లో వదిలి వెళ్తారా?" అని లవలిక కూడా మూట కట్టుకుంది.

"ఇక్కణ్ణుంచి నన్ను మీరు అనకు," అన్నాడు కేయూరుడు. "గాజులవాడి పెళ్ళాం మొగుణ్ణి అలా పిలవదు."

లవలిక ఆగి, చుట్టూ చూసి, "నువ్వు," అంది మెల్లిగా. వెంటనే నవ్వేసింది. "నువ్వు, నువ్వు, నువ్వు! అబ్బ, బెల్లంముక్క చప్పరించినట్టుంది. తల ఎత్తి నడువయ్యా, గాజులయ్యా!"

అలా నవ్వుకుంటూనే ఇద్దరూ కోటద్వారం చేరారు.

ఆ ద్వారపు అందం చెప్పనలవి కాదు. మంచుకొండ కొమ్ముని నిలువునా చీల్చి నిలబెట్టినట్టు రెండు తెల్లని స్తంభాలు. వాటి నడుమ చంద్రకాంత శిలల తోరణం, ఆ శిలల నుంచి సన్నగా కారే నీళ్ళు, ఆ నీళ్ళకు తడుస్తూ జాజితీగలు. లోపల వీధులన్నీ పాలతో కడిగినట్టున్నాయి. చందనం వాసన, కర్పూరం వాసన. జనం పట్టుబట్టల్లో, చిరునవ్వులతో, తొందరేమీ లేకుండా తిరుగుతున్నారు.

అయినా ఏదో లోపించింది. అది లవలికకే ముందు తెలిసింది. అంత జనంలో ఒక్కరూ దగ్గడం లేదు. ఒక్కరూ గొంతు సవరించుకోవడం లేదు. తల్లుల చంకల్లో పసిపిల్లలు ఉన్నారు, ఒక్క పిల్లా ఏడవడం లేదు. అందరూ కళ్ళు తెరిచి, ఎటూ చూడకుండా చూస్తున్నారు.

గుమ్మంలో ధవళయ్య అనే ముసలి ద్వారపాలకుడు వెండిపళ్ళెం పట్టుకుని ఎదురొచ్చాడు. పళ్ళెంలో మంచులా మెరిసే తెల్లటి గంధం ఉంది.

"రండమ్మా, రండి. చలువబొట్టు పెట్టించుకోకుండా మా ఊళ్ళోకి ఎవరూ పోకూడదు. రాణిగారి ఆన."

"ఎందుకు తాతా ఈ బొట్టు?" అని అడిగాడు కేయూరుడు.

"మా రాణిగారి ఒక్కగానొక్క బిడ్డ జ్వరంతో పోయాడు నాయనా. ఒళ్ళు పెనంలా కాలిపోయి పోయాడు. ఆ జ్వరాన్ని నా రాజ్యంలో ఉండనివ్వనని ఆ తల్లి ఒట్టు పెట్టుకుంది. తుహినాక్షులవారు దయతలచారు. అప్పట్నుంచి ఇక్కడ ఎవరి ఒళ్ళూ వెచ్చబడలేదు." ముసలివాడు గర్వంగా చెబుతూనే వేలు గంధంలో ముంచి, లవలిక వెనక్కి తగ్గేలోగా ఆమె నుదుట అద్దేశాడు.

లవలిక ఉలిక్కిపడింది. బొడ్డు దగ్గర నుంచి నడినెత్తి దాకా ఎవరో ఒక దారం పట్టుకుని సర్రున లాగినట్టైంది. నుదుటి నుంచి మిణుగురంత నిప్పురవ్వ ఒకటి లేచి, గాలిలో తేలుతూ, నగరం నడిబొడ్డున ఉన్న తెల్లని మేడ వైపు వెళ్ళిపోయింది. ఆమె చేతిని పట్టుకుని ఉన్న కేయూరుడికి ఆ చెయ్యి క్షణంలో కుండలో నీళ్ళలా చల్లబడటం తెలిసింది.

"ఇప్పుడు నువ్వు నాయనా," అని ధవళయ్య వేలు ఎత్తాడు.

అప్పుడు వచ్చింది తుమ్ము. ఆపుకున్న తుమ్ములన్నీ కలిసి ఒక్కసారిగా వచ్చాయి. తోరణం మీది పావురాలు చెల్లాచెదురయ్యాయి. పళ్ళెంలో గంధమంతా ఎగిరి ముసలివాడి గడ్డం నిండా పడింది.

గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. ధవళయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏ... ఏమిటది? ఏం చప్పుడది?"

"మా దేశంలో పెద్దవాళ్ళకి అలాగే దండం పెడతాం తాతా," అంది లవలిక.

"అంత గట్టిగానా?"

"నువ్వు మరీ పెద్దవాడివి కదా మరి!"

ముసలివాడు గడ్డం తుడుచుకుంటూ, ఆలోచించి, సంతోషించి, దారి వదిలాడు. పక్కసందులోకి తిరగ్గానే లవలిక తన మూటలోని మామూలు గంధం తీసి కేయూరుడి నుదుట దిద్దింది. ఆ ఊళ్ళో ఒళ్ళు వెచ్చగా ఉన్న మనిషి అతడొక్కడే మిగిలాడు.

అంగడివీధిలో గాజులు పరిచి కూర్చున్నారు. వాళ్ళకు ఎదురుగా ఉన్న దుకాణంలో దంతపు సామాను వేలాడుతోంది. దువ్వెనలో, పాచికలో అనుకుని కేయూరుడు పరకాయించి చూశాడు. అవి వేళ్ళు. ఏనుగుదంతంతో నునుపుగా చెక్కి, గోళ్ళకు కెంపులు పొదిగిన వేళ్ళు. బొటనవేళ్ళు ఒక వరసలో, చిటికెనవేళ్ళు ఒక వరసలో. పక్కన చెవులు. ఆ పక్కన, పట్టుతాడు కట్టిన ముక్కులు.

"అమ్మాయీ, ఆ ఎర్రగాజులు చూపించు," అంటూ జరీచీర కట్టుకున్న ఒక ఇల్లాలు కూర్చుని చెయ్యి చాపింది.

లవలిక ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరగా ఒత్తి, గాజు ఎక్కించి లాగింది. గాజుతో పాటు చూపుడువేలు కూడా ఊడి వచ్చింది. నెత్తురు రాలేదు. వేలి మొదలు తడిసిన అట్టలా బూడిదరంగులో ఉంది.

"అయ్యో, మళ్ళీనా!" అని ఇల్లాలు కిసుక్కున నవ్వి, వేలు తీసి ఒడిలో వేసుకుంది. "నిన్న కూరలు తరుగుతుంటే తెగింది. నొప్పా పాడా, ఎవరు చూసుకుంటారు? ఇది దంతంది పెట్టించుకుంటాలే. నువ్వు గాజు వెయ్యి."

లవలిక పిడికిలి తనంతట తానే బిగుసుకుంది. చేతిలోని గాజు పటుక్కున విరిగి, పెంకు ఆమె మణికట్టులో దిగబడింది.

మర్నాడు పూటకూళ్ళ ఇంట్లో ఎండ వచ్చాక నిద్రలేచిన కేయూరుడు మొదట చూసింది ఆ మణికట్టునే. గాయం నోరు తెరుచుకునే ఉంది. దాని చుట్టూ ఎరుపు లేదు, వాపు లేదు. అంచులు బూడిదరంగుకు తిరిగి, అక్కణ్ణుంచి పాకుడుతీగ లాంటి ఆకుపచ్చని గీత మోచేతి దాకా ఎగబాకింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. ఏమీ లేదు. హాయిగా ఉంది," అంది లవలిక. ఆమె గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. "అదే నాకు భయంగా ఉంది. ఒక మాట చెబుతాను, మధ్యలో తుమ్మకుండా విను. తోలు అనేది కోటగోడ. గోడకు కన్నం పడితే లోపలి సైన్యం పరుగెత్తుకు రావాలి. చోటు ఎర్రబడిందంటే సైన్యం వచ్చిందని. ఉబ్బిందంటే డేరాలు వేసిందని. ఒళ్ళు కాలిందంటే, శత్రువు నిలవలేకుండా ఊరంతా మంట పెట్టిందని."

"మరి చీము?"

"మనకోసం చచ్చినవాళ్ళు." ఆమె తన చేతిని ఎవరిదో అన్నట్టు తిప్పి చూసుకుంది. "ఇక్కడ చూడు. గోడ పగిలింది. శత్రువు లోపలికి నడిచి వస్తున్నాడు. ఎదురు ఎవరూ రాలేదు. ఆ రాణి పొరపాటు ఇప్పుడు తెలిసింది. బిడ్డ ఒంట్లో రోగంతో కలబడుతున్నవాణ్ణి చూసి, వాడే రోగమనుకుంది. వాణ్ణి పట్టి బంధించింది."

కేయూరుడు ఆమె అరచేయి తన చెంపకు ఆనించుకున్నాడు. నదిలో రాయిని ఆనించుకున్నట్టుంది.

అంతలో పూటకూళ్ళ సిరిమల్లమ్మ ఇడ్డెన్లు పట్టుకొచ్చింది. చక్కని మనిషి. నల్లబడిన కాలివేళ్ళకు కూడా మెట్టెలు పెట్టుకుంది. "అవ్వా, మా ఒంట్లోంచి పోయిన వేడి ఎక్కడికి పోతుంది?" అని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"ఎక్కడికేమిటి, చలువమేడకే. అక్కడ ఒక్కొక్కళ్ళదీ ఒక్కొక్క దీపంలో పెట్టి, మళ్ళీ బయటికి రాకుండా కాస్తున్నారు తుహినాక్షులవారు. మధ్యాహ్నం మంచుమోతవాళ్ళు తప్ప లోపలికి ఎవరూ పోరు. ఆ వేడికి మేడ పగలకుండా మంచు మోస్తారు. తినండి, ఆరిపోతాయి!" అని, ఎందుకో కిటికీ వైపు చూసి చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయింది.

"నీ దీపం తెస్తాను," అని లేచాడు కేయూరుడు.

"నాదే తేవాలి." లవలిక అతడి పంచె అంచు పట్టుకుంది. "తెచ్చి, వేడి బయటికి పోయిన ఈ బొట్టుకే తాకించు. నాదైతే నాలోకి వచ్చేస్తుంది. వేరేవాళ్ళది తెచ్చావా, అది నన్ను శత్రువనుకుంటుంది. యుద్ధం నాలోనే, నాతోనే జరుగుతుంది. ఇక నేను ఉండను."

"గుర్తు పట్టడం ఎలా?"

"అది నాకూ తెలీదు," అని లవలిక చిన్నగా నవ్వింది. "పొద్దు వాలేలోగా రా. గీత మెడ దాటితే దీపమొచ్చినా లాభం లేదు."

చలువమేడ మెట్ల కింద మంచుమోతవాళ్ళు వరస కట్టి ఉన్నారు. మంచుగడ్డ గంపలు నెత్తిన పెట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఒకడు మాత్రం తన పాదాల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. వాటికి వేళ్ళు లేవు.

"నేను మోస్తాను, ఇవ్వన్నా," అన్నాడు కేయూరుడు.

"తీసుకో బాబూ," అన్నాడు వాడు అదే చిరునవ్వుతో. "నాకు కాళ్ళు నేల మీద ఉన్నాయో లేదో తెలియట్లేదు."

మెట్ల చివర ఇద్దరు భటులు ప్రతివాడి నుదుటి మీదా చెయ్యి పెట్టి చూస్తున్నారు. నుదురు చల్లగా ఉంటేనే లోపలికి. కేయూరుడు గంపను ముందుకు వంచి, కరిగిన మంచునీళ్ళు కళ్ళ మీదుగా ధారగా కారేటట్టు పట్టుకున్నాడు. దవడలు టకటక కొట్టుకున్నాయి. ముక్కులో తుమ్ము తేలులా కదిలింది. భటుడి చెయ్యి నుదుట ఆనింది. కేయూరుడు నాలుక కొరుక్కున్నాడు, కాలి బొటనవేళ్ళు మడిచాడు, తను ఎన్నడూ పలకని దేవతలందరి పేర్లూ పలికాడు.

"పో," అన్నాడు భటుడు.

లోపల అడుగు పెట్టగానే వేడిగాలి మొహాన కొట్టింది.

దానిమ్మపండు కోసి అందులో నిలబెట్టినట్టుంది ఆ మందిరం. నేల నుంచి గోపురం కొస దాకా గోడలనిండా గూళ్ళు, గూటికొక మట్టిప్రమిద, ప్రమిదలో నూనె లేదు, వత్తి లేదు. ఎర్రటి మంట ఒక్కటే. ఊరిజనమంతా ఆ గూళ్ళలో ఉన్నారు. మంటలన్నీ నిటారుగా లేవకుండా మందిరం మధ్యకు వంగి ఉన్నాయి. అక్కడ ఇసుకమేట మీద రథమంత గుడ్డు ఒకటి ఉంది. పలచటి పెంకు వెనుక నల్లని నీడ చుట్టలు చుట్టుకుని, ఉండుండి మెల్లిగా సర్దుకుంటోంది. గుడ్డుకు వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మంచుశిల్పం లాంటి మనిషి ఒకడు కూర్చుని నిద్రపోతున్నాడు. గడ్డం, కనుబొమలు, కనురెప్పలు అన్నీ తెలుపు. అతడే తుహినాక్షుడు.

అంతకంటే భయంకరమైంది ఇంకొకటి ఉంది. దీపాలు మాట్లాడుతున్నాయి. జ్వరం వచ్చినవాళ్ళు పలవరించినట్టు, లెక్కలేనన్ని గొంతులు, గుసగుసగా. "అమ్మా... నీళ్ళు... అమ్మా... ఎవరది గుమ్మంలో... నీళ్ళు..."

మంచుమోతవాళ్ళు గంపలు దించి, ఏమీ విననట్టే వెళ్ళిపోయారు. కేయూరుడు ఎడమగోడ పక్కనున్న స్తంభం చాటున తన గంప దించి ఆగిపోయాడు.

"లవలీ," అని పిలిచాడు, పెదవులు మాత్రం కదిపి.

"లవలీ... లవలీ... లవలీ..." అన్నాయి దీపాలన్నీ. పసిగొంతులు, ముసలిగొంతులు, మగగొంతులు. ఆ పేరు గోపురం కొస దాకా పాకి, అక్కణ్ణుంచి మంచు రాలినట్టు మళ్ళీ కిందికి రాలింది. నిద్రలో మాంత్రికుడి కనుబొమ ఒకటి కదిలింది.

కేయూరుడి వీపు మీద చెమట చల్లగా జారింది. కిటికీలోంచి పడే ఎండపట్టీ అప్పుడే గోడ మీదికి ఎక్కుతోంది. ఒక్కొక్క దీపం దగ్గరా ఆగి చూసినా అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకే ఎరుపు, ఒకే పలవరింత. పైగా ఆ వేడికి, ముక్కులో గడ్డకట్టిన తుమ్ము కరగడం మొదలుపెట్టింది. ఈ దిక్కుమాలిన జలుబు, అనుకున్నాడు. పెళ్ళినాటి నుంచి వదలని ఈ జలుబు...

నా ఒళ్ళు దాని మొహం గుర్తు పెట్టుకుంది.

కేయూరుడు ముక్కు మీంచి వేళ్ళు తీసేశాడు. ఈ ఊళ్ళో తన పెళ్ళిజలుబును ఇదివరకు చూసినది ఒక్కటే ఒక్క దీపం. తుమ్మితే మాంత్రికుడు లేస్తాడు. లేవనీ. అతడు నడిమందిరంలోకి నడిచి, తల వెనక్కి వేసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తుమ్మనంత గట్టిగా తుమ్మాడు.

మందిరం దద్దరిల్లింది. పలవరింతలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, ఎడమగోడ మీద, పైవరస గూట్లో, ఒక్క మంట భగ్గున మూరెడు ఎత్తు లేచి నిలబడింది.

"తుమ్మేటప్పుడు మొహం పక్కకు తిప్పమని ఎన్నిసార్లు చెప్పాలి!" అంది ఆ మంట.

కేయూరుడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గూళ్ళు పట్టుకుని ఉడుతలా పాకాడు. మిగతా దీపాలు ఆ తర్వాత ఎప్పటికో బద్ధకంగా కదిలాయి, కొత్తమనిషి ఎవరా అని పక్కింటివాళ్ళు తలుపు సందులోంచి చూసినట్టు. ప్రమిద తీసి గుండెకు హత్తుకున్నాడు. కాలింది. ఆ కాలడం ఎంతో బాగుంది.

"ఆ చప్పుడు విని చాలాకాలమైంది," అంది కింద నుంచి ఒక గొంతు.

తుహినాక్షుడు కళ్ళు తెరిచాడు. వాటిలో నల్లగుడ్లు లేవు, మంచుపలకలు ఉన్నాయి. అతడు లేచి నిలబడితే ఒంటి మీది మంచు పెళపెళమంది.

"రత్నకూటపు కుర్రాడివా? నా కంటికి వేషాలు దాగవు. గుడ్డును చూశావుగా. ఇందులో ఉన్నది కాలనాగు. బొగ్గునిప్పుకు పొదగదు, ఎండకు పొదగదు. మనిషి ఒళ్ళు చావుతో పోరాడేటప్పుడు పుట్టే వేడి కావాలి దీనికి. మీ నాన్న పౌర్ణమికి ఇంకాస్త పంపుతున్నాడు. ఆ ప్రమిద యథాస్థానంలో పెట్టు నాయనా."

"ఇది మా ఆవిడది!" అన్నాడు కేయూరుడు.

"ఇచ్చి, హాయిగా బతకండి ఇద్దరూ. నొప్పి లేకుండా."

"మాకు నొప్పి కావాలి!"

మాంత్రికుడు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి సాగింది. గోడ వెంట మంచుతీగలా పాకి వచ్చి కేయూరుడి చీలమండ పట్టుకుంది. కాలు కొయ్యబారింది. అతడు గూటి నుంచి జారి దబ్బున కింద పడ్డాడు. పక్కనే తన మంచుగంప. ఆలోచించే వ్యవధి లేదు. గంపను రెండు చేతులా ఎత్తి, ఎర్రగా కాగిన ఆ గుడ్డు మీదికి గిరాటు వేశాడు.

బుస్సుమని ఆవిరి లేచింది. మందిరమంతా తెల్లబడిపోయింది. మాంత్రికుడు కేక పెట్టాడు, చీలమండ మీది పట్టు సడలింది. ఆవిరిలో ఎక్కడో, చలికాలం చెరువు మీద మంచుపలక చిట్లినట్టు, సన్నగా, పొడుగ్గా ఒక చప్పుడు వినిపించింది.

కేయూరుడు అదేమిటో చూడటానికి ఆగలేదు. ప్రమిదను పాగాలో చుట్టి, గుమ్మం దూకి, మెట్లు నాలుగేసి చొప్పున దిగాడు. భటులు వెంటపడ్డారు. కింద నుంచి వెనక్కి తిరిగి చూస్తే ఒక భటుడి పాదం పైమెట్టు మీదే నిలబడి ఉంది. భటుడు మాత్రం చిరునవ్వుతో పరుగెత్తి వస్తూనే ఉన్నాడు.

సందులు తిరిగి వాళ్ళను తప్పించుకుని పూటకూళ్ళ ఇంటికి చేరేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. లవలిక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గీత భుజాన్ని చేరి, మెడ వైపు వంగుతోంది. ఆమె పెదవుల మీద ఆ ఊరి చిరునవ్వు మొదలైంది.

కేయూరుడు ప్రమిదను ఆమె నుదుటికి ఆనించాడు. చలువబొట్టు సుర్రుమని ఎగిరిపోయింది. మంట ఒక్కక్షణం తలెత్తి చూసి, పిల్లి తన ఇంట్లో దూరినట్టు ఆమెలోకి దూరిపోయింది.

ఏమీ జరగలేదు. కేయూరుడు ఆమె చేతిని పట్టుకుని కూర్చున్నాడు. బయట వీధిలో పాలమనిషి వెళ్తోంది.

అప్పుడు లవలిక వణికింది. పళ్ళు కటకటమన్నాయి. చెంపలు ఎర్రబడ్డాయి, నుదురు కాలసాగింది. మణికట్టు చుట్టూ కుంకుమ చల్లినట్టు ఎరుపు లేచింది, గాయం బూరెలా పొంగింది, ఆకుపచ్చని గీత మెడ దగ్గర ఆగి, జంకి, వేలెడు వెనక్కి తగ్గింది.

"అమ్మా! నొప్పి! అబ్బా, చచ్చానమ్మా, నొప్పి!" అని అరిచింది.

"నొప్పి!" అని కేయూరుడు లేచి గంతులు వేశాడు. "నా బంగారం! మళ్ళీ చెప్పు! ఎక్కడ నొప్పి?"

"అన్నిచోట్లా నొప్పే, నవ్వుతావేం రాక్షసుడా! దుప్పటి కప్పు!"

అతడు దుప్పటి కప్పి, కాలుతున్న ఆ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. పెదవులు చురుక్కుమన్నాయి.

ఆ కేక విని సిరిమల్లమ్మ గుమ్మంలోకి వచ్చింది. లవలిక మణికట్టు చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఎంత మంచి ఎరుపమ్మా! ఇలాంటి రంగు చూసి ఎన్నాళ్ళైందో," అని ముచ్చటపడింది. ఆమె ముక్కు నుంచి నీళ్ళు ధారగా కారి, పెదవుల మీదుగా, గడ్డం మీదుగా, పమిట మీద పడుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు. ఆమెకు తెలియనే లేదు.

లవలిక ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"అవ్వా, ఎప్పట్నుంచి ఇలా కారుతోంది?"

"ఏది తల్లీ?"

"ఊపిరి ఆడుతోందా?"

"కాస్త బరువుగా ఉంది. ఏం పర్లేదు, హాయిగానే ఉంది," అని సిరిమల్లమ్మ గుమ్మం పట్టుకుని, మెల్లిగా, నవ్వుతూనే కూర్చుండిపోయింది. ఆమె గుండెల్లో నీళ్ళకుండ కదిలినట్టు గళగళమంది.

కేయూరుడు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. వీధిలో పాలమనిషి నిలబడిపోయి ఉంది, ముక్కు కారుతోంది. నిన్న గాజులు వేయించుకున్న ఇల్లాలు అరుగు మీద కూర్చుని ఉంది, ముక్కు కారుతోంది. దూరంగా కోటద్వారంలో ధవళయ్య తోరణస్తంభానికి చేరగిలబడి ఉన్నాడు. పళ్ళెం పక్కన పడి ఉంది. పావురం ఒకటి అతడి ఒళ్ళో దిగి గింజలు వెతుక్కుంటోంది. ముసలివాడు దాన్ని తోలడం లేదు.

"నిన్న నువ్వు మొదట ఎవరి మీద తుమ్మావు?" అంది లవలిక వెనుక నుంచి.

కేయూరుడి చూపు మళ్ళీ కోటద్వారం వైపు వెళ్ళింది.

"మనకది జలుబు. వీళ్ళకు కాదు. ఎదురు నిలబడటానికి ఈ ఊళ్ళో ఒక్కరి ఒంట్లోనూ ఎవరూ లేరు. అందరూ ఆ మేడలో ఉన్నారు." ఆమె దుప్పటి విసిరేసి, గోడ పట్టుకుని లేచి నిలబడింది. కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. "పద. ఆ దీపాలన్నీ ఎవరివి వాళ్ళకు చేరాలి."

"నువ్వు పడుకో. ఆ గుడ్డు చిట్లింది, నా చెవులతో విన్నాను. అందులోది బయటికొచ్చే ఉంటుంది."

అతడి మాట పూర్తికాకుండానే చలువమేడ గోపురం నడినెత్తిన పగిలింది. ఆవిరి నడుమ నుంచి తాటిమాను లావున నల్లనిది ఒకటి లేచి, తలను అటూ ఇటూ ఆడించి, వేడి కోసం నగరమంతా వెతికింది. వెతికి, వెతికి, ఆ చల్లని ఊళ్ళో వెచ్చగా ఉన్న ఇంటి వైపు తిరిగింది.

లవలిక కొంగు నడుముకు బిగించింది.

"నాకు జ్వరం ఉంది," అంది, కవచం తొడుక్కున్నదానిలా. "ఆ దీపాలు నీ జలుబు మొహం ఒకసారి చూశాయి, ఈసారి తుమ్మగానే లేస్తాయి. నువ్వు తుమ్ముతూ ముందు నడువు."